విమానం రాకముందే టైప్ రేటింగ్‌కు డబ్బు కట్టాలా?

కమర్షియల్ పైలట్ లైసెన్స్, అందరూ పిలిచే సీపీఎల్, చేతికొచ్చిన రోజున చాలా ఇళ్లలో ఒక ఊపిరి వదులుతారు. ఖర్చు అయిపోయింది, ఇక జీతమే అనుకుంటారు. 200 గంటలు ఎగిరి సంపాదించిన ఆ లైసెన్స్‌తో చిన్న విమానాలు నడపొచ్చు. 180 మందిని మోసే ఎయిర్‌బస్ 320లో కో-పైలట్‌గా కుడివైపు సీట్లో కూర్చోవాలంటే మాత్రం ఆ రకం విమానం మీద విడిగా శిక్షణ తీసుకుని, పరీక్ష నెగ్గి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏతో లైసెన్స్ మీద ఎక్కించుకోవాలి. దాన్నే టైప్ రేటింగ్ అంటారు. ఎయిర్‌బస్ 320కి ఒకటి, బోయింగ్ 737కి ఒకటి, ఏటీఆర్ 72కి ఇంకొకటి. ఒకదాని రేటింగ్‌తో మరొకటి నడపడం కుదరదు.

బేగంపేట అకాడమీలో నేర్చుకున్నా, అమెరికాకో దక్షిణాఫ్రికాకో వెళ్లి నేర్చుకున్నా సీపీఎల్ పూర్తయ్యేసరికి 50 లక్షల నుంచి 80 లక్షల రూపాయల దాకా అవుతోంది. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 టైప్ రేటింగ్‌కు మరో 15 నుంచి 25 లక్షలు. ఈ రెండో ఖర్చు దగ్గరే అసలు ప్రశ్న పుడుతుంది. పాత సంస్థల్లో ఖాళీల కోసం వందల మంది క్యూలో ఉంటారు. అప్పుడే ఒక కొత్త ఎయిర్‌లైన్ ప్రకటన ఇస్తుంది: సీపీఎల్ ఉంటే చాలు, రండి, టైప్ రేటింగ్ ఖర్చు మాత్రం మీదే. వెళ్లాలా, వద్దా?

ధైర్యం చెప్పేవాళ్లు, భయపెట్టేవాళ్లు ఇద్దరూ దొరుకుతారు. వాళ్లను కాసేపు పక్కన పెట్టి అంకెలు వేసి చూద్దాం.

లెక్క తేలిక కోసం టైప్ రేటింగ్ 20 లక్షలు అనుకుందాం. 11 శాతం వడ్డీకి ఏడేళ్ల అప్పు తెస్తే నెలకు సుమారు 34,250 రూపాయల వాయిదా. ఏడేళ్లలో కట్టే మొత్తం దాదాపు 28.8 లక్షలు, అంటే వడ్డీ ఒక్కటే 8.8 లక్షలు. సీపీఎల్ కోసం అప్పటికే 50 లక్షలు అప్పు చేసి ఉంటే అదే లెక్కన దాని వాయిదా 85,600. రెండూ కలిపి నెలకు లక్షా 20 వేలు. శిక్షణలో ఉన్న కో-పైలట్‌కు చేతికొచ్చే మొత్తం చాలాచోట్ల దీనికన్నా తక్కువే. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి కాబట్టి ఈ లక్షా 20 వేల వెనక చాలాసార్లు అమ్మానాన్నల ఇల్లో, ఊళ్లో పొలమో ఉంటుంది.

కాగితం వేరు, గంటలు వేరు

20 లక్షలకు ఏమొస్తుంది? రెండు మూడు వారాలు తరగతి పాఠాలు, కంప్యూటర్ మీద విమానం వ్యవస్థల చదువు. తర్వాత ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో నాలుగేసి గంటల సెషన్లు పది పన్నెండు. సిమ్‌లో ఇద్దరు అభ్యర్థులు జంటగా కూర్చుంటారు కాబట్టి అందులో సగం సేపే చేతులు కంట్రోల్స్ మీద ఉంటాయి. ఇంజిన్ ఆగిపోవడం, మంటలు, గాలికోత, ఒక ఇంజిన్‌తో ల్యాండింగ్, ఇవన్నీ అక్కడే. చివర స్కిల్ టెస్ట్. అక్కడితో అయిపోదు. కొత్త పైలట్ నిజమైన విమానంలో, ప్రయాణికులు లేకుండా, కొన్ని టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు చేయాలి. దాన్ని బేస్ ట్రైనింగ్ అంటారు. సాధారణంగా ఆరు ల్యాండింగ్‌లు. తర్వాత శిక్షకుడైన కెప్టెన్ పక్కన కూర్చుని ప్రయాణికులతో ఎగిరే లైన్ ట్రైనింగ్. అది కూడా ముగిశాకే 'రిలీజ్' అయినట్టు, అంటే మామూలు కో-పైలట్ అయినట్టు.

సిమ్యులేటర్ హైదరాబాద్‌లో ఉంది, గురుగ్రామ్‌లో ఉంది, గ్రేటర్ నోయిడాలో, బెంగళూరులో ఉంది. ఆ భాగం డబ్బు కడితే ఎవరికైనా దొరుకుతుంది. బేస్ ట్రైనింగ్‌కు, లైన్ ట్రైనింగ్‌కు మాత్రం విమానం కావాలి, ఇంధనం కావాలి, శిక్షణ ఇచ్చే అర్హత ఉన్న కెప్టెన్ కావాలి. ఈ మూడూ ఎయిర్‌లైన్ దగ్గరే ఉంటాయి. కొత్త సంస్థలో ఈ మూడింటికీ కొరతే.

మరో ఎయిర్‌లైన్ మిమ్మల్ని తీసుకోవాలంటే వాళ్లు చూసేది లైసెన్స్ మీద అక్షరాలను కాదు, ఆ రకం విమానం మీద మీరు ఎగిరిన గంటలను. టైప్ రేటింగ్ ఉన్న కో-పైలట్ల కోసం వచ్చే ప్రకటనల్లో తరచూ కనిపించే అంకె 500 గంటలు. కొరత ముదిరినప్పుడు అంతకన్నా కిందికి దిగుతారు, కొరత తీరగానే మళ్లీ పైకి పోతారు. సిమ్ మాత్రమే పూర్తిచేసి గంటలు సున్నా ఉన్న రేటింగ్‌కు బజారులో విలువ చాలా తక్కువ. పైగా అది ఊరికే ఉండదు. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే ప్రయాణికులతో ఎగరడానికి వీల్లేదు. ఆరు నెలలకోసారి సిమ్‌లో ప్రావీణ్య పరీక్ష ఉంటుంది. ఎగరని పైలట్ ఇంట్లో కూర్చున్నా ఖర్చు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న 'ఫీజు ఎంత' కాదు. 500 గంటలు ఎన్నాళ్లకు వస్తాయి?

ఎన్ని విమానాలకు ఎంతమంది

ఒక విమానం రోజుకు సగటున 10 గంటలు గాల్లో ఉందనుకుందాం. నెలకు 300 గంటలు. విమానంలో కో-పైలట్ సీటు ఒక్కటే, కాబట్టి ఒక విమానం నెలకు పంచగలిగే కో-పైలట్ గంటలు 300. మూడు విమానాలుంటే 900.

ఆ సంస్థ 15 మంది కో-పైలట్లను తీసుకుంటే ఒక్కొక్కరికి నెలకు 60 గంటలు. 500 గంటలకు ఎనిమిది నెలల పైచిలుకు. బాగుంది. 'త్వరలో పది విమానాలు' అన్న ఊపులో 30 మందిని తీసుకుని, విమానాలు మూడు దగ్గరే ఆగిపోతే నెలకు 30 గంటలు. 500కు దాదాపు 17 నెలలు. ఆ మూడింట్లో రెండు లీజు బకాయిలకో, ఇంజిన్ల కోసమో నేల మీద నిలిచిపోతే 30 మందికి మిగిలేది 300 గంటలు, అంటే మనిషికి నెలకు పది. అప్పుడు 500 గంటలకు నాలుగేళ్లు దాటుతుంది. చట్టం ప్రకారం పైలట్ ఏడాదికి 1,000 గంటల దాకా ఎగరొచ్చు. ఇక్కడ ఏడాదికి 120 మాత్రమే.

ఇది ఊహాలెక్కే అయినా, మంచి పెట్టుబడి ఉన్న సంస్థకు కూడా ఇలాంటి పరిస్థితి వచ్చింది. ఆకాశ ఎయిర్ 2022 ఆగస్టు 7న ముంబై-అహ్మదాబాద్ సర్వీసుతో మొదలైంది. అప్పటికే 72 బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలకు ఆర్డరుంది, 2024 జనవరిలో మరో 150 చేర్చింది. బోయింగ్ సరఫరా ఆలస్యం కావడంతో తీసుకున్న పైలట్లలో చాలామందికి ఎగరడానికి విమానాలు చాలలేదు. సంస్థ మునగలేదు, జీతాలూ ఆగలేదు. అయినా గంటలు రాలేదు. విమానాల కోసం ఎదురుచూసిన ఆ నెలలు పైలట్ కెరీర్‌లో తిరిగి రావు.

అందుకే ఇంటర్వ్యూలో ఎయిర్‌లైన్ వాళ్లు మిమ్మల్ని అడిగేవి పది ప్రశ్నలుంటే, మీరు వాళ్లను తప్పక అడగాల్సింది ఒకటి: ఇవాళ ఎన్ని విమానాలు ఎగురుతున్నాయి, పేరోల్‌లో ఎంతమంది కో-పైలట్లున్నారు? ఆర్డర్ల సంఖ్య వద్దు. ఎగురుతున్నవి చాలు.

విజయవాడ ఎంబ్రాయర్, హైదరాబాద్ ఏటీఆర్

మన దగ్గరే రెండు ఉదాహరణలున్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయంలో ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో ఎగరడం మొదలుపెట్టింది. ఎంబ్రాయర్ 170, 190 విమానాలు. ఏలూరు, గుంటూరు పిల్లలకు సొంత ఊరి పక్కనే ఎయిర్‌లైన్ ఉద్యోగమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్‌షోలో 50 కొత్త ఎంబ్రాయర్ జెట్‌లకు సుమారు 294 కోట్ల డాలర్ల ఆర్డరు ప్రకటించారు. నడిపిన విమానాలు మాత్రం ఎన్నడూ రెండంకెలు చేరలేదు. 2017 ఫిబ్రవరి చివర సర్వీసులు ఆగిపోయాయి.

ఆ రోజున ఎంబ్రాయర్ 190 రేటింగ్ ఉన్న కో-పైలట్ పరిస్థితేమిటి? దేశంలో ఆ విమానంతో సర్వీసులు నడిపే మరో ఎయిర్‌లైన్ లేదు. అంతకుముందు అదే కుటుంబం విమానాలు నడిపిన చెన్నై పారమౌంట్ 2010లోనే మూతపడింది. ఆ కుటుంబానికే చెందిన 175లను స్టార్ ఎయిర్ తెచ్చింది 2023లో. మధ్యలో ఆరేళ్లు. విదేశాలకు వెళ్లాలంటే గంటలు చాలవు. ఇక్కడే ఉండాలంటే మళ్లీ 20 లక్షలు పెట్టి ఎయిర్‌బస్ 320 రేటింగ్ చేయాలి. అంటే మొదటి రేటింగ్ ఖర్చు పూర్తిగా వృథా.

హైదరాబాద్ కేంద్రంగా ట్రూజెట్ 2015 జులైలో మొదలైంది. రామ్‌చరణ్ ప్రచారం చేశారు కాబట్టి పేరు చాలామందికి గుర్తుంటుంది. విమానాలు ఏటీఆర్ 72. తిరుపతి, కడప, విద్యానగర్ లాంటి చిన్న ఊళ్లకు నడిపింది. అదీ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. కానీ అప్పటికి దేశంలో ఏటీఆర్ నడిపేవాళ్లు వేరే ఉన్నారు. ఇండిగో 2017 డిసెంబరులోనే ఏటీఆర్ సర్వీసులు మొదలుపెట్టింది, అలయన్స్ ఎయిర్ ఎప్పటినుంచో నడుపుతోంది, ఫ్లైబిగ్ ఉండేది, తర్వాత 2024 మార్చిలో గోవా నుంచి ఫ్లై91 కూడా వచ్చింది. అందరికీ వెంటనే ఉద్యోగం దొరికిందని కాదు, కరోనా దెబ్బ నుంచి రంగం అప్పుడే తేరుకుంటోంది. అయినా తలుపు తట్టడానికి మూడు నాలుగు ఇళ్లున్నాయి.

రెండు సంస్థలూ మూతపడ్డాయి. ఒకచోట మునిగింది ఉద్యోగం. ఇంకోచోట ఉద్యోగంతో పాటు రేటింగ్ కూడా. టైప్ రేటింగ్‌కు డబ్బు పెట్టేటప్పుడు ఎయిర్‌లైన్ బతుకుతుందా అని జోస్యం చెప్పనక్కర్లేదు, చెప్పడం ఎవరి వల్లా కాదు. ఈ విమానాన్ని దేశంలో ఇంకెంతమంది నడుపుతున్నారో లెక్కపెట్టడం మాత్రం ఎవరికైనా చేతనవుతుంది. ఎయిర్‌బస్ 320 అయితే ఇండిగో, ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్. బోయింగ్ 737 అయితే ఆకాశ, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, స్పైస్‌జెట్. ఏటీఆర్ అయితే ఇండిగో, అలయన్స్ ఎయిర్, ఫ్లై91. ఇక మిగిలిన విమానాల రేటింగ్‌కు సొంత డబ్బు పెట్టడమంటే ఆ ఎయిర్‌లైన్‌కు హామీ లేని అప్పు ఇచ్చినట్టే, అదీ వడ్డీ లేకుండా.

లాభం కూడా తక్కువేం కాదు

ఇంతవరకు చెప్పింది చదివి 'కొత్త సంస్థ అంటేనే వద్దు' అనుకుంటే అది కూడా తప్పు లెక్కే. కొత్త సంస్థలో చేరడంలో పెద్ద లాభం ఒకటుంది: త్వరగా కెప్టెన్ కావడం. ఇండిగో 2006 ఆగస్టులో మొదలైంది, ఇప్పుడు 400కు పైగా విమానాలున్నాయి. మొదటి సంవత్సరాల్లో చేరిన కో-పైలట్లకు సీనియారిటీ జాబితాలో ముందువరస దొరికింది, కమాండ్ త్వరగా వచ్చింది. ఆ తర్వాత పదేళ్లకు చేరినవాళ్లు వందల పేర్ల వెనక నిలబడ్డారు.

దీన్ని రూపాయల్లోకి మారుద్దాం. కెప్టెన్‌కు నెలకు 5 లక్షలు, కో-పైలట్‌కు 2 లక్షలు అనుకుంటే తేడా 3 లక్షలు. రెండేళ్లు ముందుగా కెప్టెన్ అయితే పన్నుకు ముందు 72 లక్షలు అదనం. సంస్థ నిలబడితే వచ్చే లాభం ఇది.

సంస్థ మునిగితే? మొదట ఎంబ్రాయర్ లాంటి, వేరెవరూ నడపని విమానం తీసుకుందాం. రేటింగ్ ఖర్చు 20 లక్షలు పోయినట్టే. కొత్త ఉద్యోగం దొరికేదాకా 18 నెలలనుకుంటే, కొత్త కో-పైలట్‌కు నెలకు లక్షన్నర చొప్పున 27 లక్షల జీతం పోతుంది. ఆ 20 లక్షల మీద 18 నెలల వడ్డీ 3.3 లక్షలు. మొత్తం దాదాపు 50 లక్షల నష్టం. 72 గెలుపు, 50 ఓటమి అయిన పందెంలో సమానంగా తేలాలంటే గెలిచే అవకాశం వందకు కనీసం 41 ఉండాలి.

అదే ఎయిర్‌బస్ 320 అయితే, అప్పటికి 500 గంటలు పూర్తయి ఉంటే? రేటింగ్ విలువ పోదు. తొమ్మిది నెలల్లో మరో ఉద్యోగం అనుకుంటే పోయేది 13.5 లక్షల జీతం, ఒకటిన్నర లక్ష పైచిలుకు వడ్డీ. మొత్తం 15 లక్షలు. ఇప్పుడు వందకు 17 అవకాశముంటే చాలు.

ఈ అంకెలను నిజంతో పోల్చి చూద్దాం. చిన్న చిన్న విమానాలు నడిపినవాళ్లను పక్కన పెడితే, 2013 నుంచి 2017 మధ్య మన దేశంలో ఎగరడం మొదలుపెట్టిన ఎయిర్‌లైన్లు ఏడు గుర్తొస్తాయి: ఎయిర్ కోస్టా, ఎయిరేషియా ఇండియా, విస్తారా, ఎయిర్ పెగాసస్, ట్రూజెట్, ఎయిర్ కార్నివాల్, జూమ్ ఎయిర్. పెగాసస్ ఏడాదిన్నర కూడా నిలవలేదు. కోయంబత్తూరు కార్నివాల్ సంవత్సరం దాటలేదు. నిలిచినవి రెండే, ఎయిరేషియా ఇండియా, విస్తారా. రెండూ టాటాల పెట్టుబడి ఉన్నవి. 2024లో అవి కూడా ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో ఒకటి, ఎయిర్ ఇండియాలో ఒకటి కలిసిపోయాయి. విలీనంలో ఉద్యోగం నిలిచింది కానీ మొదట్లో చేరిన లాభం, ఆ సీనియారిటీ, కొత్త జాబితాలో పలచబడింది. దాన్ని కూడా గెలుపే అనుకుందాం.

ఏడింట్లో రెండు, అంటే వందకు దాదాపు 29.

పైన వచ్చిన 41కి ఇది చాలదు. 17ను హాయిగా దాటుతుంది. ఏడు సంస్థల నమూనా చిన్నదే, జీతాల అంకెలు నేను అనుకున్నవే. మీ అంకెలు వేసుకుని మళ్లీ చేయండి. జవాబు వంద మైళ్లు పక్కకు పోదు. ఇంకో సంగతి కూడా గమనించండి: నిలిచిన రెండూ ఎయిర్‌బస్ 320 నడిపినవే, మూతపడిన ఐదూ ఎంబ్రాయర్, ఏటీఆర్, సీఆర్‌జే విమానాలవి. పెద్ద మార్కెట్ ఉన్న విమానం ఎంచుకునే సంస్థ వెనక సాధారణంగా పెద్ద పెట్టుబడి కూడా ఉంటుంది.

మూడో లెక్క ఒకటి మిగిలింది. అరుదైన విమానమే, కానీ రేటింగ్ ఖర్చు ఎయిర్‌లైన్‌దే. అప్పుడు మీకు పోయేది 27 లక్షల జీతం మాత్రమే, కావలసిన అవకాశం వందకు 27. సరిగ్గా గట్టు మీద. అంటే అరుదైన విమానానికి కో-పైలట్ డబ్బు కట్టకూడదు, సంస్థ కడితే ఆలోచించొచ్చు.

డబ్బు ఎవరి ఖాతాలోకి

డబ్బు అడిగినంత మాత్రాన సంస్థ మంచిది కాదనుకోనక్కర్లేదు. అమెరికాలో సౌత్‌వెస్ట్ చాలా ఏళ్లు, 737 రేటింగ్ సొంత ఖర్చుతో చేసుకున్నవాళ్లనే తీసుకుంది. ఐరోపాలో ర్యాన్ఎయిర్ అభ్యర్థుల చేతనే కట్టించింది. రెండూ నిలకడగా లాభాలు చూసినవే. మన దేశంలో పెద్ద సంస్థల క్యాడెట్ కోర్సుల్లో కూడా రేటింగ్ ఖర్చు మొత్తం ఫీజులో కలిసే ఉంటుంది.

తేడా ఎక్కడంటే ఎవరికి కడుతున్నామన్న దగ్గర. డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ కేంద్రానికి నేరుగా కడితే ఎయిర్‌లైన్ ఏమైనా శిక్షణ మీకు వస్తుంది, రేటింగ్ మీ లైసెన్స్ మీద ఉంటుంది. అదే డబ్బు 'శిక్షణ డిపాజిట్' పేరుతో ఎయిర్‌లైన్‌కు కడితే, సిమ్ స్లాట్ రాకముందే సంస్థ దివాలా తీస్తే, మీరు అప్పులవాళ్ల వరసలో నిలబడాలి. ఆ వరస ఎలాంటిదో 2016 దివాలా చట్టం 53వ సెక్షన్ చెబుతుంది. మొదట దివాలా ప్రక్రియ ఖర్చులు. తర్వాత తాకట్టు ఉన్న బ్యాంకులు, వాటితో సమానంగా కార్మికుల 24 నెలల బకాయిలు. ఆ కింద ఇతర ఉద్యోగుల 12 నెలల జీతాలు. జీతం కాని డిపాజిట్ ఇంకా కింద. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది, లిక్విడేషన్‌కు సుప్రీంకోర్టు ఆదేశించింది 2024 నవంబరులో. అయిదున్నరేళ్ల తర్వాత. గో ఫస్ట్ 2023 మే నెలలో ఆగితే లిక్విడేషన్ ఉత్తర్వు 2025 జనవరిలో వచ్చింది. ఇన్నేళ్లూ మీ బ్యాంకు వాయిదా మాత్రం ప్రతినెలా పోతూనే ఉంటుంది. ఇక ఉద్యోగం ఖాయమంటూ లక్షలు అడిగే మధ్యవర్తి కన్సల్టెన్సీల సంగతి చర్చించడమే దండగ.

బాండ్ ఇంకో చిక్కు. సంస్థ ఖర్చు పెట్టి శిక్షణ ఇచ్చి, మూడేళ్లో ఐదేళ్లో ఉండాలని రాయించుకోవడంలో న్యాయముంది. 2025 మేలో ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లకు ముందే వెళ్లినందుకు 2 లక్షలు చెల్లించాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. పరిహారం సమంజసంగా ఉండాలన్నది కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్. కానీ రేటింగ్ ఖర్చు మీరే పెట్టుకుని, పైగా బాండ్ కూడా రాయమంటే అది ఒకే సరుకుకు రెండుసార్లు ధర కట్టించుకోవడం. అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టకండి. అడిగి చూడండి, చాలాసార్లు రెండింట్లో ఒకటి తీసేస్తారు.

బాండ్ లేకపోయినా డీజీసీఏ నోటీసు నిబంధన ఉంది: కో-పైలట్‌కు ఆరు నెలలు, కెప్టెన్‌కు 2017 నుంచి సంవత్సరం. 2023లో 43 మంది పైలట్లు నోటీసు పూర్తిచేయకుండా వెళ్లిపోయారని ఆకాశ కోర్టుకెక్కింది. కాబట్టి 'బాగాలేకపోతే మర్నాడే మారిపోతా' అన్న మాట లెక్కలో పెట్టుకోకండి. కనీసం ఆరు నెలలు అక్కడే.

ఎన్ఓసీ అంటే విమానం కాదు

2025 డిసెంబరులో కొత్త డ్యూటీ వేళల నిబంధనలకు తగినంతమంది పైలట్లు లేక ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసుకుంది. దేశం రెండు సంస్థల మీద ఇంతగా ఆధారపడకూడదన్న మాట గట్టిగా వినిపించింది. అదే నెలలో అల్ హింద్ ఎయిర్, ఫ్లైఎక్స్‌ప్రెస్‌లకు పౌర విమానయాన శాఖ ఎన్ఓసీలు ఇచ్చింది. శంఖ్ ఎయిర్, ఎయిర్ కేరళ అంతకుముందే తెచ్చుకున్నాయి. శ్రీకాకుళం ఎంపీ, కేంద్ర మంత్రి రామ్మోహన్ నాయుడు అంతకుముందు చెప్పిన అంకెలు కూడా ఊరించేవే: దేశంలో ఇప్పుడు ఎగురుతున్న పైలట్లు ఆరేడు వేలు, ఆర్డర్లలో ఉన్న విమానాలు 1,700, రాబోయే 15-20 ఏళ్లలో కావలసిన పైలట్లు 30,000.

30,000ను 20 ఏళ్లకు పంచితే ఏడాదికి 1,500. 2023 ఒక్క ఏడాదిలో డీజీసీఏ ఇచ్చిన సీపీఎల్‌లు 1,622. కొరత ఉన్నది అనుభవమున్న కెప్టెన్లకు. 200 గంటల కొత్త లైసెన్స్‌లకు కాదు. 'దేశానికి 30 వేల మంది కావాలి' అన్న వాక్యం చూపించి అప్పు చేయించేవాళ్లు ఈ భాగహారం చేసి చూపించరు.

ఎన్ఓసీ అంటే కంపెనీ పెట్టుకోవడానికి అభ్యంతరం లేదన్న ఉత్తరం. విమానం తెచ్చి, సిబ్బందిని చూపించి, ఖాళీ విమానంతో ప్రయోగ ప్రయాణాలు చేసి డీజీసీఏ నుంచి ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్, అంటే ఏఓసీ తెచ్చుకుంటేనే టికెట్లు అమ్మాలి. ఎన్ఓసీ దశలో పైలట్ల దగ్గర రేటింగ్ డబ్బు అడగడం ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

ఏఓసీ వచ్చినా పూర్తి భరోసా కాదు. కొత్త యజమానుల చేతిలో మళ్లీ లేస్తానన్న జెట్ ఎయిర్‌వేస్ 2022 మే 20న ఏఓసీ తెచ్చుకుంది, ఉద్యోగులను తీసుకుంది. ఒక్క ప్రయాణికుణ్ని కూడా మోయకుండానే ఆ ప్రయత్నం ముగిసింది.

ఇక తీర్పు. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737, ఏటీఆర్ 72 అయితే, ఆ సంస్థకు ఏఓసీ ఉండి, విమానాలు కనీసం మూడు ఇప్పటికే ఎగురుతుంటే, విమానానికి ఐదారుగురు కో-పైలట్లకు మించి తీసుకోకపోతే, ఉద్యోగ పత్రం రాతపూర్వకంగా చేతిలో ఉండి బాండ్ లేకపోతే కట్టొచ్చు. కట్టేది శిక్షణ కేంద్రం ఖాతాకు, విడతలుగా. బేస్ ట్రైనింగ్, లైన్ ట్రైనింగ్ ఎయిర్‌లైన్ ఖర్చేనని ఒప్పందంలో ఉండాలి. ఎగిరే గంటలకు కూడా పైలట్టే డబ్బు కట్టాలంటే అది ఉద్యోగం కాదు, లేచి వచ్చేయండి. వేరెవరూ నడపని విమానానికి కట్టొద్దు. సీపీఎల్ అప్పు తీరకుండా ఇల్లు రెండోసారి తాకట్టు పెట్టాల్సి వస్తే ఏ విమానానికీ కట్టొద్దు. ఆ ఏడాది ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరి గంటలు పెంచుకోండి, లైసెన్స్, మెడికల్ సర్టిఫికెట్ కాపాడుకోండి. దేశంలో సర్వీసులు నడిపే ఎయిర్‌లైన్ల పేర్లు డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటాయి. సంతకానికి ముందు ఒకసారి అక్కడ వెతకండి. మీ దగ్గర డబ్బు అడుగుతున్న సంస్థ పేరు ఆ జాబితాలో లేకపోతే చెక్కు రాయకండి.